ఉప్పునీటి బొబ్బ

చాలాకాలంగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. వాయిదాకు కారణం బద్ధకం కాదు. ప్రేగు గోడలోని పొరల మధ్య ఎక్కించే నీటిని గురించి, కథలూ పద్యాలూ చదువుకునే సహృదయులకు ఏమని చెప్పగలనన్న సంకోచం. కానీ నీటికోసం తరతరాలుగా మొగం వాచిన సీమలో పుట్టి, కర్నూలులో వైద్యం చేస్తూ, ఎక్కించిన నీరు నిలుస్తుందా, వెళ్ళిపోతుందా అన్న ప్రశ్నతోనే పొద్దుపుచ్చే వృత్తి నాది. ఈ పోలిక తలపుకు రాకుండా ఎన్నాళ్ళు ఉండగలను?

ముందు మాటల సంగతి. ఎండోస్కోపీకి 'అంతర్దర్శనం' అన్న అందమైన మాటను మన పండితులు ఎప్పుడో తయారుచేసి పెట్టారు. మా దగ్గరికి వచ్చేవాళ్ళెవరూ ఆ మాట వాడరు. 'పైపు పరీక్ష' అంటారు. నోటినుంచి వేస్తే పై పైపు, వెనకనుంచి వేస్తే కింది పైపు. నాకు ఈ పేర్లే బాగున్నాయి. ఆ పైపు కొసన ఒక దీపమూ, ఒక కెమెరా ఉంటాయి. పైపు పొడుగునా ఒక సన్నని సొరంగం ఉంటుంది. దాని గుండా సూదిని పంపవచ్చు, తీగతో చేసిన ఉచ్చును పంపవచ్చు. మేము చేసే పనులన్నీ ఆ సొరంగం గుండా జరిగేవే.

పెద్దప్రేగు గోడ మందం ఇంచుమించు రెండు మిల్లీమీటర్లు. కుడివైపున, ప్రేగు మొదట్లో, అంతకన్నా పలచన. ఆ కాస్త మందంలోనే పొరలున్నాయి. లోపలివైపు శ్లేష్మపొర, దాని కింద దూదిలాగా వదులుగా ఉండే మెత్తపొర, దాని కింద కండరపొర, ఆ వెలుపల సన్నని పైపూత. పాలిప్ అనే బొడిపె పుట్టేది శ్లేష్మపొరలో. కొన్ని పాలిప్‌లకు పుట్టగొడుగులాగా కాడ ఉంటుంది. కాడకు ఉచ్చు వేసి బిగించి విద్యుత్తు పంపితే తెగిపోతుంది. చిక్కంతా కాడ లేనివాటితోనే. పెనం మీద పలచగా వేసిన దోసెలాగా గోడకు అంటుకుని పరచుకుని ఉంటాయి. ఉచ్చు బిగిస్తే జారిపోతుంది. గట్టిగా నొక్కి పట్టుకుంటే పాలిప్‌తోపాటు కండరం కూడా చిక్కుతుంది. కండరం తెగితే ప్రేగుకు చిల్లు. చిల్లు పడితే అర్ధరాత్రి ఆపరేషను.

దోసె పెనానికి అంటుకుంటే ఇంట్లో ఆడవాళ్ళు ఏం చేస్తారు? అంచుల చుట్టూ నూనె వేసి, అట్లకాడకు సందు దొరికేలా చేస్తారు. మేమూ అదే చేస్తాం. పాలిప్ పక్కన సూది గుచ్చి, మెత్తపొరలోకి ద్రవం ఎక్కిస్తాం. పాలిప్‌తో సహా శ్లేష్మపొర బొబ్బలాగా పైకి లేస్తుంది. కండరం అడుగున దూరంగా ఉండిపోతుంది. అప్పుడు ఉచ్చు వేస్తాం. విద్యుత్తు పుట్టించే వేడిని కూడా మధ్యలో ఉన్న నీరు అడ్డుకుంటుంది. ఇంతే ఈ విద్య. 1955లో రోజెన్‌బర్గ్ అనే శస్త్రవైద్యుడు, గట్టి గొట్టాలతో పురీషనాళాన్ని చూసే రోజుల్లో, పాలిప్‌ను కాల్చేముందు దాని కింద ఉప్పునీరు ఎక్కిస్తే గోడకు రక్షణగా ఉంటుందని రాశాడు. 1969లో న్యూయార్కులో షిన్యా, వుల్ఫ్ అనే ఇద్దరు వంగే పైపుగుండా ఉచ్చు వేసి పాలిప్‌లు తీయడం మొదలుపెట్టారు. 1973లో డైలీ బృందం ఈ రెంటినీ కలిపి, కాడలేని పాలిప్‌లను ఉప్పునీటి మీద లేపి తీయవచ్చునని చూపించింది. జపానువాళ్ళు 1984లో జీర్ణాశయపు తొలిదశ క్యాన్సర్‌కు దీన్ని వర్తింపజేసి, అక్కడినుంచి ఎంత దూరం తీసుకువెళ్ళారంటే, ఇప్పుడు గంటల తరబడి కూర్చుని అరచేయంత పొరను ఒకే ముక్కగా చెక్కి తీస్తున్నారు.

గంటల తరబడి అన్నచోటే అసలు తగవు మొదలవుతుంది. ఉప్పునీరు నిలవదు.

మామూలు సెలైన్ మన రక్తంతో సమానమైన ఉప్పదనం కలది. కనుక శరీరానికి అది పరాయిదిగా తోచదు. చుట్టూ ఉన్న కణజాలంలోకి ఇట్టే ఇంకిపోతుంది. మా ప్రాంతపు ఎర్రగరప నేలలో వానపడితే ఎలా ఉంటుందో అలా. కురుస్తున్నంతసేపు పారుతుంది, వెలిసిన తర్వాత చూస్తే కాలికి తడి అంటదు. నంద్యాల వైపు నల్లరేగడిలో అదే వాన కురిస్తే వారంరోజులు అడుగు తీసి అడుగు వేయలేం. నీరు ఒకటే, పట్టి ఉంచే గుణం వేరు. సెలైన్‌కు ఆ పట్టి ఉంచే గుణాన్ని అరువు తేవడానికే గత ఏభై ఏళ్ళుగా ఈ ద్రవాలన్నీ వచ్చాయి. పంది అన్నవాహికల మీద పరీక్షించి 2002లో ప్రచురించిన ఒక పోలికలో సెలైన్ బొబ్బ రెండుమూడు నిమిషాల్లో అణగిపోయింది. చక్కెరనీళ్ళు ఇంకో నిమిషమో రెండో ఎక్కువ నిలిచాయి. హయలురానిక్ ఆమ్లం ఇరవై నిమిషాలు దాటింది.

చక్కెరనీళ్ళు అన్నాను. ఏభై శాతం డెక్స్‌ట్రోజ్ ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటుంది. చక్కెర పడిపోయి స్పృహ తప్పినవాళ్ళకు ఎక్కించేది. మామిడి ముక్కల మీద ఉప్పు చల్లి ఊరబెడితే మర్నాటికి జాడీ అడుగున ఊట చేరుతుంది కదా, అదే సూత్రం. చిక్కని చక్కెర చుట్టుపక్కల కణాలనుంచి నీటిని తనవైపు లాగుకుంటుంది. అందువల్ల బొబ్బ కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ ఊరిన మామిడిముక్క ముడుచుకుపోయినట్టే కణాలూ ముడుచుకుపోతాయి. పోగా మిగిలే కణజాలం దెబ్బతింటుంది. ఆ కొద్ది నిమిషాల లాభానికి ఈ నష్టం ఎందుకని నా అభిప్రాయం. జపానులో మెదడువాపు తగ్గించడానికి వాడే గ్లిసరాల్ ద్రవాన్ని, అంటే పది శాతం గ్లిసరాల్, అయిదు శాతం ఫ్రక్టోజ్ కలిపిన ఉప్పునీటిని, ఇందుకు వాడుకున్నారు. అది కణాలను అంతగా బాధించదు. మనదేశంలో మెదడువాపుకు మానిటాల్ ఎక్కిస్తారు కనుక, వార్డులో చేతికందేది ఆ సీసాయే. (మానిటాల్ అనగానే ఒక పాత కథ గుర్తుకు వస్తుంది. ప్రేగును కడగడానికి దాన్ని తాగించే రోజుల్లో, ప్రేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి మండే వాయువును పుట్టించగా, పాలిప్‌కు విద్యుత్తు పెట్టగానే ప్రేగు పేలి రోగి మరణించిన ఉదంతం 1979లో ప్రచురితమైంది. తాగించడం వేరు, పొర కింద ఎక్కించడం వేరు; అయినా ఆ పేరు వింటే నాకు జంకు పోదు.)

హయలురానిక్ ఆమ్లం కథ వేరు. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు ఆవు కంటిలోని గాజులాంటి జిగురునుంచి దాన్ని వేరుచేశారు. తర్వాత కోడిపుంజు తలమీది జుట్టునుంచి విరివిగా తీయడం నేర్చుకున్నారు. మా పల్లెల్లో కోడిపందేల రాయుళ్ళకు ఈ సంగతి తెలిస్తే పుంజుకు ఇంకెంత వెల కట్టేవాళ్ళో! నీటిని తనలో ఇముడ్చుకోవడంలో దానిని మించింది లేదు. చాలా చిక్కన, కణాలకు బాధ లేదు, శరీరంలో ఉన్న పదార్థమే కనుక పరాయితనమూ లేదు. జపానులో 0.4 శాతం ద్రవాన్ని ప్రత్యేకించి ఈ పనికే అమ్ముతారు. ఎలుకలలో చేసిన ప్రయోగాల్లో, మిగిలిపోయిన క్యాన్సర్ కణాల పెరుగుదలకు అది దోహదం చేయవచ్చునన్న అనుమానం ఒకటి కలిగింది. మనుషుల్లో అది అడ్డుగా నిలవలేదు. అడ్డుగా నిలిచింది వెల. వేరుశనగ కాయలు అమ్ముకుని, ఆ డబ్బు పంచె కొంగున కట్టుకుని వచ్చినాయనకు ఆ సీసా వెల చెప్పడానికి నోరు రావాలి కదా.

అయితే కంటివైద్యుల దగ్గర దాని పేద చుట్టం ఒకటి ఉంది. హైడ్రాక్సీ ప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్. పేరు కొండవీటి చేంతాడంత ఉన్నా, చెట్ల పీచుపదార్థంనుంచి తయారయ్యే జిగురు నీరు. శుక్లాల ఆపరేషనులో కంటిలోపలి పొరలు ఒకదానికొకటి రాసుకోకుండా దీన్ని నింపుతారు. కర్నూలులో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది; ఊళ్ళో మందుల దుకాణాలకు ఈ జిగురు కొత్తదేమీ కాదు. రెండు మిల్లీలీటర్ల సిరంజీలో రెండు శాతం బలంతో వస్తుంది. నాలుగింతలు పలచన చేస్తే అర శాతం బలం గల ఎనిమిది మిల్లీలీటర్లు అవుతుంది. ఒక మాదిరి పాలిప్‌కు చాలు. బొబ్బ సెలైన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువసేపు నిలుస్తుంది. కంటికోసం అనుమతి పొందినదాన్ని ప్రేగులో వాడటం వైద్యుడు తన బాధ్యత మీద చేసే పని. రోగికి ఆ మాట చెప్పి చేయవలసిన పని. దీని కష్టం తెలియాలంటే మా నర్సమ్మ బొటనవేలిని అడగాలి. ఏడడుగుల పొడుగు గొట్టం, దాని కొసన వెంట్రుకంత సూది. దాని గుండా జిగురునీటిని నెట్టడం బావిలోనుంచి నిండు బిందె తోడినంత పని. "సార్, ఇది కదలడంల్యా" అని ఆమె అన్నప్పుడల్లా, పుస్తకాల్లో నిమిషాల లెక్కలు రాసినవాళ్ళు ఈ వేలినొప్పికి కూడా ఒక గడి కేటాయించి ఉండవలసిందని అనుకుంటాను.

నావరకు పెద్ద పాలిప్‌లకు గెలటిన్ ద్రవమే ఇష్టం. రక్తం ఎక్కువగా పోయినప్పుడు నాళాలు నింపడానికి వాడేది, అందువల్ల దాదాపు ప్రతి ఆపరేషను గదిలోనూ ఉండేది. సెలైన్ అంత తేలికగా సూదిలో పారుతుంది, అంతకన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. సిడ్నీలో సెలైన్‌తో దాన్ని పోల్చి 2010లో ప్రచురించిన పరీక్షలో, గెలటిన్ వాడినప్పుడు తక్కువ ముక్కల్లో, తక్కువ పోట్లతో, తక్కువ సమయంలో పని ముగిసింది. అరుదుగా కొందరికి అది పడదు, కనుక అడిగి తెలుసుకోవాలి. మరొక సంగతీ అడగాలి. అది పశువుల ఎముకలనుంచి వచ్చేది. "నాకు దాంతో పని ల్యా, ఇంగోటి ఉంటే సూడు నాయనా" అన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు కంటిజిగురే. ఇవేవీ కాక, రోగి సొంత రక్తాన్నే నాలుగు మిల్లీలీటర్లు తీసి ఆ పొర కింద ఎక్కించినవారు జపానులోనూ, ఇతర దేశాల్లోనూ ఉన్నారు. వెల లేదు, పరాయిది కాదు, గడ్డకడుతుంది కనుక నిలుస్తుంది కూడా. చూపుకు అంతా ఎర్రగా మసకబారుతుందన్నదొక్కటే దాని మీద నాకున్న ఫిర్యాదు.

ఈ ద్రవాలన్నిటిలోనూ కాస్త రంగు కలుపుతాం. రక్తపు జాడ తగ్గడానికి కొందరు లక్షకు ఒక పాలు అడ్రినలిన్ కూడా కలుపుతారు. రంగు దగ్గర కాస్త ఆగాలని ఉంది. పాఠ్యగ్రంథాల్లో మొదట కనిపించే పేరు ఇండిగో కార్మిన్. నీలిమందును గంధకామ్లంతో కలిపి నీటిలో కరిగేలా చేస్తే వచ్చేది అదే. నీలిమందు అనగానే బీహారు, బెంగాలు గుర్తుకు వస్తాయి గాని, పందొమ్మిదో శతాబ్దంలో మన కడప కూడా నీలి సీమే. లండన్ విపణిలో ఇక్కడి సరుకుకు 'కుర్పా' అన్న పేరుండేది. కడప అన్న పేరే తెల్లవాళ్ళ నోట నలిగి అలా అయింది. నీలిచెట్టు కొమ్మలు తొట్లలో నానబెట్టి, ఆ నీటిని చిలికి, అడుగున పేరిన ముద్దను ఎండబెట్టి బిళ్ళలుగా కోసి ఓడలకెక్కించారు. 1897లో జర్మనీ కర్మాగారాలు కృత్రిమ నీలిమందును అమ్మకానికి పెట్టాక ఆ పంట క్రమేపీ కనుమరుగైంది. ఇప్పుడు మా సీసాలోది ఏ చెట్టునుంచీ వచ్చింది కాదు. అంతేకాదు, మా ఊళ్ళలో సులువుగా దొరికేది దానికి బదులు వాడే మిథిలీన్ బ్లూ. అయినా ఆ నీలం తెరమీద విచ్చుకునే క్షణాన నాకు కుర్పా అన్న మాట తలపుకు వస్తుంది. రంగు పని ఏమిటంటే, మెత్తపొర దాన్ని పీల్చుకుని నీలంగా మారుతుంది; కండరం తెల్లగానే ఉంటుంది. కోస్తున్న చోట నీలం కనబడితే క్షేమం. తెలుపు కనబడితే చేయి ఆపాలి.

పోరుమామిళ్ళ చెరువు మా సొంత ఊరికి దూరం కాదు. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించాడు. 1369 నాటి శాసనంలో ఆ వైనమంతా ఉంది: రెండేళ్ళపాటు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేశాయని. ఆ శాసనం ఊరికే గొప్పలు చెప్పి ఊరుకోలేదు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరుసగా చెప్పింది. ఆ దోషాలు చదివినప్పుడల్లా నాకు ఎండోస్కోపీ గది కళ్ళముందు కదులుతుంది. గట్టునుంచి నీరు ఊటెత్తడం ఒక దోషం; సెలైన్ మీద మాకున్న ఫిర్యాదు అదే. చవుడు నేల ఒక దోషం. చిక్కని ఉప్పూ చక్కెరా కణాలను కాల్చడం అదే. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం ఒక దోషం. శస్త్రవైద్యుడికీ మాకూ మధ్యన పడిన రోగి గతి తలచుకుంటే నవ్వొస్తుంది, నవ్వాక బాధేస్తుంది. చెరువు నడుమ మెరక ఉండటం మరొక దోషం. ఇక్కడ మాత్రం మాది తిరకాసు. మాకు నడుమ మెరక లేవకపోవడమే దోషం. ఆ మాటకు తర్వాత వస్తాను.

నీటిని పట్టి ఉంచడం ఎంత ముఖ్యమో, ఎక్కువైన నీటిని సాగనంపే మరువ కూడా అంత ముఖ్యమని చెరువుకింద బతికినవాడికి వేరే చెప్పనక్కరలేదు. ద్రవాల పోలికలన్నీ నిమిషాల లెక్కమీదే జరుగుతున్నాయి. ఎవరిది ఎక్కువసేపు నిలిచిందంటే వాళ్ళు గెలిచినట్టు. నాకు ఈ పందెం మీద నమ్మకం తగ్గింది. 2018 ప్రాంతంలో అమెరికాలో ఈ పనికోసమే తయారైన ఒక చిక్కని జెల్ వచ్చింది. బాగా నిలిచింది. ఎంత బాగా అంటే, కొందరిలో వారాలు నెలలు గడిచినా గోడలోనే ఉండిపోయి, శరీరం దాన్ని పరాయి వస్తువుగా గుర్తించి చుట్టూ గడ్డ కట్టింది. 2020నుంచి సూక్ష్మదర్శిని కింద చూసే వైద్యులు వరుసగా రాయసాగారు: ఇది కణితిలాగా కనిపిస్తోంది, మోసపోకండి అని. పాలిప్ తీసిన చోట మళ్ళీ కణితి వంటిది కనబడితే ఆ రోగి గుండె ఏమవుతుంది? సెలైన్‌కు మేము పెట్టిన పేరు చంచల. కానీ తన పని కాగానే ఏ జాడా లేకుండా వెళ్ళిపోయేది అదొక్కటే. ఉచ్చు రెండు మూడు సార్లు వేస్తే ముగిసే పాలిప్‌కు అంతకంటే ఏం కావాలి? రెండు సెంటీమీటర్లలోపు వాటికి ఖరీదైన ద్రవం తెచ్చి ఒరగబెట్టేది చాలా తక్కువ. నిమిషాలు కావలసింది నెమ్మదిగా చెక్కే పనికి, పెద్ద పాలిప్‌కు, చేయి ఇంకా కుదరని కొత్తవాడికి.

అసలు సూదే వద్దన్నవారు కూడా ఉన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని బిన్‌మోలర్ 2012లో ఒక పద్ధతి ప్రకటించాడు. ప్రేగులోని గాలిని తీసేసి నీటితో నింపితే, సాగదీసి ఉన్న గోడ ముడుచుకుని, శ్లేష్మపొర పాలిప్‌తో సహా నీటిలో తేలుతుంది. కండరం అడుగునే గుండ్రంగా ఉండిపోతుంది. అలా తేలినదానికి ఉచ్చు వేయడమే. పొరకింద పంపే నీరు బదులు పొరపైన పోసే నీరు. దీనికి అయ్యే ఖర్చు కుళాయి తిప్పినంత. నేను మొదట నమ్మలేదు. ఇప్పుడు కొన్నిటికి అదే చేస్తున్నాను.

అయినా సూదిని పూర్తిగా విడిచిపెట్టలేను. కారణం, ఆ ద్రవం దిండు మాత్రమే కాదు. అదొక ప్రశ్న కూడా. 1994లో ఉనో అనే జపాను వైద్యుడు ఒక సంగతి గమనించి రాశాడు. క్యాన్సర్ శ్లేష్మపొరను దాటి కిందికి వేరు తన్నితే, ఆ వేళ్ళు మెత్తపొరను కండరానికి కుట్టేసినట్టు పట్టుకుంటాయి. ద్రవం ఎక్కిస్తే చుట్టూ లేస్తుంది, నడుమ లేవదు. ఏ ద్రవమైనా సరే. అలాంటిదాన్ని ఉచ్చు వేసి తీయబోవడం తగదు; ఆపరేషనుకు పంపాలి. కర్నూలు మెడికల్ కాలేజీ 1957లో మొదలైంది. ఎండోస్కోపీలో ప్రపంచమంతా పేరెరిగిన నాగేశ్వరరెడ్డిగారు ఎం.బి.బి.ఎస్. చదివింది అక్కడే. ఆ కాలేజీ వరండాల్లో తిరిగిన వాళ్ళం ఎందరమో ఇవాళ చిన్న ఊళ్ళలో ఈ పైపులు పట్టుకుని ఉన్నాం. మా అందరికీ ఎక్కువ గుబులు పుట్టించేది ఆ లేవని నడుమే.

ఆత్మకూరు దగ్గరి పల్లెనుంచి వచ్చిన ఒకామెకు అలాగే అయింది. వయసు యాభైకి లోపే. నీలినీరు ఎక్కిస్తుంటే చుట్టూ కట్టలాగా లేచింది, నడుమ గుంటలాగా ఉండిపోయింది. మరోచోట గుచ్చినా అంతే. సూది తీసేశాను. బయట ఆమె భర్త, "తీసేసినారా సార్?" అన్నాడు. "తీయలేదు నాయనా. అది పైపుతో తీసేది కాదు" అన్నాను. ఆయనకు నా మాట చేతగానితనంగా వినిపించి ఉంటుంది. ఆపరేషను తర్వాత వచ్చిన నివేదికలో వేళ్ళు కండరంలోకి దిగి ఉన్నాయి. గ్రంథులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఆమె ఇప్పుడు మనవణ్ణి ఎత్తుకుని చూపించుకోవడానికి వస్తుంది.

లేవకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది, అది మనుషులు చేసేది. ప్రొద్దుటూరు వైపునుంచి ఒక పెద్దాయన వచ్చాడు. వేరుశనగ రైతు, డెబ్బై దగ్గర. కుడివైపు ప్రేగులో మూడు సెంటీమీటర్ల చదును పాలిప్. అంతకుముందు చూసినచోట దానినుంచి ఆరు ముక్కలు పరీక్షకు కోసి పంపి, సగం ప్రేగు తీయాలని చెప్పారట. ముక్కలు కోసినచోట మచ్చ కడుతుంది; మచ్చ మెత్తపొరను కండరానికి అంటిస్తుంది; తర్వాత ద్రవం ఎక్కిస్తే, క్యాన్సర్ లేకపోయినా నడుమ లేవదు. చదును పాలిప్ కనబడినప్పుడు, తీయగలిగినవాళ్ళ దగ్గరికి పంపేటట్టయితే, దాన్ని గిల్లకుండా ఫోటో తీసి పంపండని తోటి వైద్యులను చేతులు జోడించి అడుగుతాను. దాని కిందే గుర్తుకోసం నల్లసిరా పొడిపించడం కూడా అంతే చేటు.

పెద్దాయన మత్తు వద్దన్నాడు. తెరవైపు చూస్తూ పడుకున్నాడు. ముందు నీలిరంగు కలిపిన సెలైన్‌ను పాలిప్‌కు అవతలివైపున ఎక్కించాను. అవతలినుంచి మొదలుపెడితే అది మనవైపు తిరుగుతుంది, ఇవతలినుంచి మొదలుపెడితే ముఖం చాటేస్తుంది. అంచులు లేచాయి. నడుమ లేవలేదు. గదిలో ఎవరం మాట్లాడలేదు.

"లేస్తాండాదా సార్?" అన్నాడాయన.

"అంచులు లేచినాయి పెద్దాయనా. నడుమ చూడాల."

పాలిప్ ఉపరితలాన్ని మరోమారు దగ్గరనుంచి చూశాను. గీతలు చక్కగా ఉన్నాయి, పుండు లేదు, ఎక్కడా చెదరలేదు. లోతుకు దిగిన జబ్బు పైకి ఇంత ప్రశాంతంగా కనబడదు. అయితే ఇది మచ్చే కావాలి. సెలైన్ సీసా పక్కన పెట్టించి గెలటిన్ తీయించాను. మచ్చ పక్కనే, దాదాపు పొరకు సమాంతరంగా సూదిని పడుకోబెట్టి, నర్సమ్మను మెల్లగా నెట్టమన్నాను. మొదటి మిల్లీలీటరుకు ఏమీ కాలేదు. రెండో దానికి ఒక పక్క నీలం పాకింది. మూడోసారికి నడుమ, పూర్తిగా కాదుగాని, అప్పడం కాలేటప్పుడు ఒక చోట పొంగినట్టు పొంగింది.

"చెరువు నిండినట్లుండాది" అన్నాడు పెద్దాయన తెర చూస్తూ.

నాలుగు ముక్కలుగా తీశాను. మచ్చ పట్టిన చోట ఉచ్చు జారింది, అక్కడ చిన్న చిమటాతో గిల్లి, అంచులను ఉచ్చు కొసతో కాల్చాను. అంతా కలిపి నలభై నిమిషాలు. ముక్కలను బయటికి లాగి, థర్మకోలు ముక్క మీద గుండుసూదులతో పరిచేముందు, ప్రతిదాన్నీ తిరగేసి అడుగు చూడటం ఆచారం. కండరం తెగి వచ్చి ఉంటే నీలం మధ్యన తెల్లని బిళ్ళ ఒకటి కనబడుతుంది. ఒక్కొక్కటే తిరగేశాను. నాలుగింటికీ అడుగు నీలమే.

నివేదికలో క్యాన్సర్ లేదు. ఆరునెలలకు మళ్ళీ కింది పైపు వేసి చూస్తే అక్కడ తెల్లని మచ్చ తప్ప మరేమీ లేదు. ఎక్కించిన గెలటిన్ ఎప్పుడో వెళ్ళిపోయింది. పెద్దాయన ఆ ఏడు పంటనుంచి ఒక సంచి పచ్చి వేరుశనగకాయలు తెచ్చి నర్సమ్మకు ఇచ్చాడు. నాకు ఇవ్వలేదు. నెట్టింది ఆమె కదా అన్నాడు.